పన్నెండో పియర్ మీది పసుపు క్లాంపులు

వంతెన కట్టేటప్పుడు ఏట్లో నిలబెట్టే స్తంభాన్ని పియర్ అంటారు. పియర్ తలకీ, దాని మీద కూర్చునే గర్డర్ దూలం అడుగుకీ మధ్య అడుగున్నర ఖాళీ ఉంటుంది. మనిషి అందులోకి వెళ్ళాలంటే కడుపు మీద పడుకుని, మోచేతుల మీద ఈడ్చుకుంటూ పోవాలి. కూర్చోవడానికి వీల్లేదు. తల ఎత్తడానికి అసలే లేదు. పద్నాలుగు పియర్లున్న ఒక వంతెన మీద నేను రెండేళ్ళు పనిచేశాను. ఆ రెండేళ్ళలో ఒక్క పియర్ మీద కూడా ఆ ఖాళీలోకి దూరలేదు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, చాలా కాలం దీన్ని మా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఏ ఏటి మీద వంతెనో చెప్పను. శ్రీకాకుళం, విజయనగరం మధ్య తిరిగేవాళ్ళలో చాలామంది దాని మీద నుంచి వెళ్ళే ఉంటారు. అది నిలబడే ఉంది.

రోడ్లు వెడల్పు చేస్తున్న రోజులవి. గుత్తేదారు మనుషులు పని చేస్తారు. పని సరిగా జరిగిందో లేదో చూసి రిజిస్టర్లో సంతకం పెట్టడానికి వేరే కంపెనీ ఉంటుంది. ఆ కంపెనీలో నేను ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్ని. చదివింది పాలిటెక్నిక్. నా ఉద్యోగమంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు: చూడటం, సంతకం పెట్టడం.

మా వాళ్ళది బొబ్బిలి ఎగువ. ఒకప్పుడు కొన్ని ఊళ్ళు మా చేతి కింద ఉండేవి. తాతగారి నాటికి సగం పోయాయి, నాన్నగారి నాటికి మిగతావి పోయాయి. దివాణం పడగొట్టి ఆ స్థలంలో ఎవరో రైసుమిల్లు కట్టారు. ఎలా పోయాయన్నది ఇక్కడ అనవసరం. పల్లకీ మాత్రం ఇంకా ఉంది. విశాఖపట్నంలో ఒక హోటల్లో, వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీయించుకోవడానికి పెట్టారు. ఒక్కసారే వెళ్ళి చూశాను. దాని మీద ప్లాస్టిక్ పూలు వేశారు.

నాన్నగారు విజయనగరంలో ఒక అద్దె వాటాలో పోయారు. పోయేదాకా కుర్చీకి వీపు ఆనించలేదు. ఆటో ఎక్కాలంటే తల వంచాలని, స్టేషన్ నుంచి ఇంటికి ఎండలో నడిచి వచ్చేవారు. వీధిలో నవ్వేవాళ్ళు నవ్వేవారు. నాకు మాత్రం ఆ నడకే గొప్పగా కనిపించేది. మా వైపు పిల్లలు బోర్లా పడితే బూరెలు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. మా ఇంట్లో పాకుండలు పంచే ఆచారం లేదు. మా ఇంటి పిల్లలు పాకరు, తిన్నగా లేచి నిలబడతారని నాయనమ్మ ఊరంతా చెప్పేది. అందరు పిల్లల్లాగే నేనూ పాకే ఉంటాను. పాకే పసివాణ్ణి చూసి ముఖం అటు తిప్పుకున్న ఇల్లు అది.

ఆస్తి పోయాక మాకు మిగిలినవి రెండు. నిటారు వీపు ఒకటి, సంతకం ఒకటి. చూడనిదాని మీద సంతకం పెట్టకు అన్నది నాన్నగారు నాకు చెప్పిన ఒకే ఒక్క నీతి. ఆ రెండిట్లో ఏదో ఒకటే నిలిచే రోజు వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఆ వంతెనకి డాంపర్లు పెట్టాలని డిజైన్లో రాశారు. మా ప్రాంతంలో అంతకు ముందు నేను వాటిని చూసి ఎరగను. ఇక్కడ భూకంపాలేమిటని సైట్లో అందరూ నవ్వారు. లోతుగా ఇసుక ఉన్న ఏరు, బళ్ళు నడిచే పొడవాటి డెక్కు, అందుకని ముందు జాగ్రత్త అన్నారు డిజైన్ చేసినవాళ్ళు. మనిషి తొడంత లావు ఉక్కు గొట్టం, లోపల చిక్కటి నూనె, ఆ నూనెలో ఆడే పిస్టన్. ఒక కొసని గర్డర్‌కి, రెండో కొసని పియర్ తలకి లావుపాటి పిన్నులతో కలుపుతారు. ఎండకి డెక్కు సాగినా, చలికి ముడుచుకున్నా అది మెల్లగా దారి ఇస్తుంది. భూమి ఒక్కసారిగా ఊగితే మాత్రం పట్టి నిలబెడుతుంది. ఆ ఊపుని నూనెలో వేడిగా మార్చి చల్లార్చేస్తుంది.

వాటిని తయారుచేసిన కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు సైకిలు పంపంత నమూనా ఒకటి బల్ల మీద పెట్టాడు. మెల్లగా నొక్కితే లోపలికి వెళ్ళింది. అరచేత్తో కొడితే రాయిలా నిలబడింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు నొక్కి చూశారు. చివరికి ఫిట్టర్ల మేస్త్రీ వంతు వచ్చింది.

మేస్త్రీకి అప్పటికే అరవై దగ్గర పడుతున్నాయి. జాకీలు పెట్టి గర్డర్లు ఎత్తడం, దించడం, వాటి కింద బేరింగులు కూర్చోబెట్టడం అతని పని. అతని ఊరు మా ఊరి పక్కనే. అతని తాత మా దివాణంలో పల్లకీ మోసిన బోయీ. మొదటి రోజే నా ముఖం చూసి ఎవరి మనవణ్ణో చెప్పేశాడు. సైట్లో అందరూ నన్ను సార్ అంటే అతనొక్కడే బాబూ అనేవాడు. ఆ పిలుపు వినడానికే పని లేకపోయినా అతను ఉన్న వైపు నడిచిన రోజులున్నాయి. వయసులో అంత పెద్దవాణ్ణి నేను నువ్వు అనేవాణ్ణి. అది తప్పని నాకూ తోచలేదు, అతనికీ తోచలేదు.

మేస్త్రీ నమూనాని రెండుసార్లు నొక్కి, ఒకసారి కొట్టి, నా వైపు తిరిగాడు.

“ఇది మోకాలు బాబూ.”

“మోకాలేమిటి?”

“బోయీ మోకాలు. మా తాత సెప్పీవోడు. పల్లకీ కింద ఉన్నోడు కాలు బిర్రగా పెట్టి నడవకూడదట. మోకాలు కొంచెం వొదిలీయాల. నలుగుర్లో ఒక్కడు బిగిసిపోనాడనుకోండి, బరువంతా ఆడి భుజమ్మీదకే వస్తాది. మిగిలినోలికి ఏటీ అవదు. ఆడే కూలిపోతాడు.”

అతని దగ్గర పనిచేసే ఫిట్టరొకడు వెనక నుంచి అందుకున్నాడు. “మరి లోన కూకున్న దొరకేటవుతాది మావా?”

“ఆయనకేటి, కింద పడతాడు. పడి బోయీని తిడతాడు.”

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వుతూనే నా ముఖం చూసి ఆగిపోయాడు. నేను నవ్వలేదు. కంపెనీ ఇంజనీరుకి మా వైపు మాట తెలియదు. అతనికి విడమరిచి చెప్పాను, దొర సంగతి తప్ప. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేనన్నాడు.

దారిలో పిస్టన్ కదలకుండా ఒక్కో డాంపర్‌కి రెండు ఉక్కు పట్టీలు, చెరో పక్కన ఒకటి, బోల్టులతో బిగించి పంపారు. వాటినే క్లాంపులనేవాళ్ళం. దూరానికి కూడా కంటపడాలని పసుపు రంగు వేశారు. డాంపర్లు అమర్చి, డెక్కు పని పూర్తయ్యాక ఆ క్లాంపులు విప్పేయాలి. విప్పకపోతే అది డాంపర్ కాదు, ఉత్త ఇనప దూలం. మేస్త్రీ చెప్పిన బిగిసిన మోకాలు. పియర్‌కి రెండు డాంపర్లు, డాంపర్‌కి రెండు క్లాంపులు. మొత్తం యాభై ఆరు.

మాఘమాసపు చలిలో అమర్చారు. విప్పడం వైశాఖంలో మొదలైంది. నియమం ప్రకారం నేను ప్రతి పియర్ మీదా లోపలికి దూరి, క్లాంపులు లేవని కళ్ళతో చూసి సంతకం పెట్టాలి. మొదటి పియర్ దగ్గర చెక్కల మంచె మీద నిలబడి చొక్కా చేతులు మడుచుకుంటున్నాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకోలేదు గానీ పట్టుకున్నంత పని చేశాడు.

“మీరు పాకుతారేటి బాబూ. నాను సూసి సెప్తాను గదా.”

అని, నేను ఏదో అనేలోగా లోపలికి దూరిపోయాడు. కాసేపటికి చీకట్లోంచి అతని గొంతు వచ్చింది. “ఇప్పేసినాం బాబూ. రెండోదీ ఇప్పేసినాం.” నేను నిలబడే రాసుకున్నాను. అతను నా మర్యాద కోసం ఆపాడు, నేను అతని మాట మీది గౌరవంతో ఆగాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు కలిగింది గౌరవం కాదు. హాయి. పదకొండు పియర్లు అలాగే నడిచాయి. అతను లోపల, నేను బయట. అతను పడుకుని, నేను నిలబడి.

పన్నెండో పియర్ రోజు మేస్త్రీ రాలేదు. వాళ్ళ బావ పోతే ఊరెళ్ళాడు. ఆ పియర్ అవతలి గట్టుకి దగ్గర. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. అతని మనుషులు ఆరుగురు మంచె మీదే నీడలో కూర్చుని అన్నాలు తింటున్నారు. గుత్తేదారు తరఫు ఇంజనీరు ఆ వారమే ఉద్యోగం మానేస్తున్నాడు. రిజిస్టర్లో తన గడిలో అప్పటికే సంతకం పెట్టేసి వెళ్ళిపోయాడు. క్లాంపులు విప్పారా అని అడిగాను.

“మేస్త్రీ సెప్పిందల్లా సేసినాం సార్,” అన్నాడొకడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “కావాలంటే దూరి సూసుకోండి.”

పక్కవాడు గొంతు తగ్గించి, నాకు వినపడేంత మాత్రమే తగ్గించి, అన్నాడు. “దొరోరు దూరతారేట్రా.”

ఎవరూ పైకి నవ్వలేదు. ఆరుగురూ తినడం మాత్రం ఆపారు.

ఆ ఖాళీ ముందు నిలబడ్డాను. కాస్త వంగితే డాంపర్ కొస, దాని పిన్ను కనిపించాయి. క్లాంపులు ఇంకా లోపలికి ఉంటాయి. పడుకుంటే తప్ప కనపడవు. నా వీపు మీద ఆరు జతల కళ్ళు ఎండలా తగులుతున్నాయి. నాన్నగారి నడక గుర్తొచ్చింది. ఆయన సంతకం గుర్తు రాలేదు.

జేబులోంచి పెన్ను తీశాను.

మేస్త్రీ తిరిగి వచ్చేసరికి మంచె విప్పి పదమూడో పియర్‌కి కట్టేశారు. మిగిలిన రెండు పియర్లూ ఎప్పటిలాగే అయ్యాయి. నెల తర్వాత స్టోరులో పాత సామాను లెక్క తేలుస్తుంటే పసుపు క్లాంపులు యాభై రెండే ఉన్నాయి. నాలుగు తక్కువ. ఒక పియర్‌వి. స్టోర్ కీపర్ భుజాలు ఎగరేశాడు. పాత ఇనుము ఏరుకునేవాళ్ళు రోడ్డు పక్క బోర్డులే పీక్కుపోతున్నారు, నాలుగు పట్టీలు ఒక లెక్కా అన్నాడు. నిజమే. వాటిని వాళ్ళే ఎత్తుకుపోయి ఉండొచ్చు. నేను ఆ మాట నమ్మాను. నమ్మడం నాకు అవసరం కనుక నమ్మాను.

వంతెన తెరిచారు. నన్ను కొత్తవలస వైపు వేరే రోడ్డు పనికి మార్చారు. మా ఆవిడ పుట్టిల్లు ఏరు దాటాక ఉంది కనుక రెండు మూడు నెలలకోసారి బస్సులో ఆ వంతెన దాటక తప్పేది కాదు. వంతెన ఎక్కగానే లెక్క మొదలుపెట్టేవాణ్ణి. పన్నెండు దగ్గరకొచ్చేసరికి తెలియకుండానే రెండు కాళ్ళూ ముందు సీటుకి తన్నిపెట్టేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ, బ్రేకు డ్రైవరు దగ్గరుందా మీ దగ్గరుందా అంది. నవ్వాను. తర్వాత ఎప్పుడూ ఆవిడని కిటికీ పక్కకి పంపి, నేను ఏటివైపు చూడకుండా కూర్చున్నాను.

మరుసటి వేసవిలో ఒకరోజు బస్సు దిగేశాను. ఏరు ఎండిపోయి ఉంది. గట్టు దిగి పన్నెండో పియర్ కిందకి నడిచాను. ఆ నీడలో ఒక ముసలామె మేకల్ని పడుకోబెట్టుకుని కూర్చుంది. పియర్‌కి మనిషి చెయ్యి అందినంత మేర పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్లు, ఎండిన వేపమండలు, కొట్టిన కొబ్బరికాయ చిప్పలు. మిగతా పియర్లకి ఏమీ లేదు.

ఇదేమిటని అడిగాను. ఆమె నా బట్టలూ బూట్లూ చూసి, కాస్త జరిగి, చెప్పింది.

“ఈ కంబంలో మనిసిని పెట్టేసినారట బాబూ. సూరీడు నడినెత్తి మీదకొస్తే లోన్నుంచి కొడతాడు. తియ్యండ్రా, తియ్యండ్రా అని.”

“ఎవర్ని పెట్టారు?”

“ఎవులికెరుక. పనిలోకొచ్చినోడే ఎవుడో. కూకోండి, మీకూ వినబడతాది.”

కూర్చోలేదు, నిలబడ్డాను. ఎండ ముదిరింది. పైన లారీల చప్పుడు వస్తూ పోతూ ఉంది. రెండు లారీల మధ్య నిశ్శబ్దంలో, పియర్ తల దగ్గర్నుంచి, టంగుమని ఒక్క దెబ్బ. మేకలు చెవులు కదిపాయి. చాలాసేపటికి ఇంకొకటి. ఆమె చేతులు జోడించింది.

ఆ చప్పుడు ఏమై ఉండొచ్చో నాకు తెలుసు. ఎండకి డెక్కు సాగుతుంది, బిగించిన డాంపర్ సాగనివ్వదు, బోల్టు రంధ్రంలో ఉన్న కాస్త సందులో ఉక్కు జారి ఉక్కుని కొడుతుంది. కాకపోవచ్చు కూడా. వంతెనలు ఎండకి రకరకాలుగా చప్పుడు చేస్తాయి. పైకెక్కి చూస్తే తేలిపోతుంది. చూడాలంటే ఎందుకు చూడాలో ఎవరికో ఒకరికి చెప్పాలి. చెబితే సంతకం పోతుంది. ఇల్లు పోయినప్పుడు, పొలాలు పోయినప్పుడు మా నాన్నగారు తల ఎత్తుకునే ఉన్నారంటే, ఆ సంతకం ఉందనే.

గట్టెక్కి వచ్చేశాను. ఆమె చెప్పింది కొంత నిజం, లోపల ఒక మనిషి ఉన్నాడు. వాడి సంతకం రిజిస్టర్లో కూడా ఉంది.

ఆ తర్వాత ఏ మధ్యాహ్నమూ నాకు ప్రశాంతంగా గడవలేదు. కొత్తవలసలో రైలు పెట్టెలు తగిలించే చప్పుడుకి, వీధిలో గ్యాస్ బండ దించిన చప్పుడుకి, తింటున్న ముద్ద చేతిలో ఆగిపోయేది. గోడ మీద ఫోటోలో నాన్నగారు ఎప్పటిలాగే నిటారుగా కూర్చుని ఉండేవారు. ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు. నేనెవరో తనకి తెలియదన్నట్టు చూసేవారు.

కార్తీకంలో ఒక పొద్దున్న భూమి కదిలింది. సముద్రంలో ఎక్కడో వచ్చిందని తర్వాత చెప్పారు. మా వంటింట్లో అలమరలో గిన్నెలు ఒకదాన్నొకటి తాకి సన్నగా మోగాయి. బాల్చీలో నీళ్ళు వలయాలు తిరిగాయి. గాలి లేదు, దండెం మీద బట్టలు ఊగుతున్నాయి. వాటాల్లోంచి అందరూ వీధిలోకి పరిగెత్తారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగుతోంది, నేను కదలడం లేదు. ఇల్లు కూలుతుందేమో అనిపించలేదు. ఏటి మీద డెక్కు మొత్తం ఒకవైపు జరుగుతున్నట్టు, పదమూడు పియర్లు మోకాళ్ళు వదిలి తప్పుకుంటున్నట్టు, ఒక్కటి మాత్రం బిగుసుకుని నిలబడ్డట్టు కనిపించింది. అన్నీ కలిపి నాలుగు ఊపిర్లంత సేపు. తర్వాత గిన్నెలు ఆగిపోయాయి. వీధిలో జనం నవ్వడం మొదలుపెట్టారు.

వంతెనకి ఏమీ కాలేదు. ఎవరో కింద నిలబడి తల ఎత్తి చూసి, బాగుందని రాసుకుని వెళ్ళారు. అలా రాసుకుని వెళ్ళడం ఎలాంటిదో నాకు తెలుసు.

మర్నాడు బొబ్బిలి బస్సెక్కి మేస్త్రీ ఊరు వెళ్ళాను. అతను పని మానేసి ఏడాది అయిందట. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు రెండూ ఉబ్బి ఉన్నాయి. వాటికి నూనె రాసి గుడ్డలు చుట్టుకున్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. మంచీ చెడ్డా అయ్యాక అడిగాను.

“పన్నెండో పియర్ నువ్వు చూశావా?”

“నానక్కడెక్కడున్నాను బాబూ? మా బావ పోతే ఎల్నాను గదా. తిరిగొచ్చీసరికి బుక్కులో మీ సంతకం ఉన్నాది. మీ సంతకం సూసినాక నానింకేటి సూస్తాను.”

అతను నా ముఖంలోకి చూశాడు. అతను అలా నేరుగా చూడటం అదే మొదటిసారి.

“మీరు సూడనేదా?”

“నీ మనుషులు విప్పారనుకున్నాను.”

“ఆలకి నాను ఆ పియర్ సంగతి సెప్పనేదు బాబూ. నాను లేనప్పుడు ముట్టుకోవద్దన్నాను.”

మేస్త్రీ సెప్పిందల్లా సేసినాం అని వాళ్ళు అన్నది నిజమే. వాళ్ళు అబద్ధమాడలేదు. ఇంతకీ అబద్ధమాడింది నేనొక్కణ్ణే. మేస్త్రీ తన తాత సంగతి చెప్పాడు. దివాణం నుంచి కాగితం వస్తే, చదవడం రాకపోయినా, కింద మా తాతగారి సంతకం వెతికి వేలు పెట్టి తడిమి కళ్ళకద్దుకునేవాడట. ఆ అలవాటు తనకీ వచ్చిందన్నాడు. దెప్పుతూ అనలేదు. అందుకే వినలేకపోయాను.

“తప్పు నాదే బాబూ,” అన్నాడు చివరికి. “మొదటి దినమే మిమ్మల్ని దూరనిచ్చుంటే సరిపోయీది.”

“కాదు,” అన్నాను. పల్లకీలోంచి పడ్డ దొర బోయీని తిట్టే మాట ఇద్దరికీ గుర్తొచ్చిందనుకుంటాను.

అతను తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు. “ఇయ్యి పోనాయి. ఈసారి మీరే దూరాల.”

ఆఫీసులో మా పైఅధికారికి కాగితం ఇచ్చాను. చూడకుండా సంతకం పెట్టానని, నాలుగు క్లాంపులు లోపలే ఉండి ఉండొచ్చని రాశాను. ఆయన మంచివాడు. తలుపు దగ్గరకి వేసి, ఎందుకు కెలుకుతారండీ అన్నాడు. వంతెన నిలబడే ఉంది, అదురు కూడా చూసింది, ఈ కాగితం పైకి వెళితే పోయేది మీ ఉద్యోగమే అన్నాడు. చించేయమని కాగితం నా వైపు తోశాడు. నేను మళ్ళీ ఆయన వైపు తోశాను. పైవాళ్ళు నన్ను పంపించేయడానికి నిర్ణయించుకోవడానికీ, ఆ పియర్ తెరిచి చూడటానికి అనుమతి ఇవ్వడానికీ దాదాపు ఒకే సమయం పట్టింది. చూసే రోజుకి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను.

పుష్యమాసంలో, సూర్యుడు రాకముందే చేరుకున్నాం. ఆ వేళ చెప్పింది మేస్త్రీయే. బిగించిన నాటి చలిలో డెక్కు ఎంత పొడవుందో, మళ్ళీ అంతే చలిలో అంతే పొడవుంటుంది, అప్పుడు క్లాంపు మీద బరువుండదు అన్నాడు. కర్ర పట్టుకుని, కొడుకు స్కూటర్ మీద వచ్చి, దుప్పటి కప్పుకుని గట్టు మీద రాయి మీద కూర్చున్నాడు. మేకల ముసలామె కూడా వచ్చింది. నన్నూ, ఒక ఫిట్టర్నీ లారీ మీది బుట్టలో పైకి ఎత్తారు.

“బోల్టు చేత్తో తిరిగితేనే ఇప్పండి బాబూ,” అని మేస్త్రీ కింద నుంచి అరిచాడు. “బిగుసుకునుంటే ముట్టుకోకండి.”

కడుపు మీద పడుకున్నాను. చలికి కాంక్రీటు చొక్కాలోంచి ఒంట్లోకి దిగింది. గబ్బిలాల వాసన. మోచెయ్యి, మోకాలు, మళ్ళీ మోచెయ్యి. గర్డర్ వీపుకి తగులుతోంది. పైన ఏదో బండి వెళ్ళినప్పుడు ఆ బరువు నా వెన్ను మీద నుంచే వెళ్ళినట్టుంది. మూడు బారలు పాకాను. టార్చి వేశాను.

పసుపు రంగు నిన్న వేసినట్టుంది. ఎండ తగలక వెలిసిపోలేదు. నాలుగూ ఉన్నాయి. ఒక బోల్టు వేలు మడిచినట్టు వంగిపోయి ఉంది. డాంపర్ పాదం దగ్గర కాంక్రీటులో వెంట్రుకంత పగుళ్ళు రెండు, ఒకదాని పక్కన ఒకటి. చెంప నేలకి ఆనించి వాటిని చాలాసేపు చూశాను. ఈ ఖాళీ ముందు నాన్నగారు నిలబడి ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు. దూరేవారు కాదు, సంతకమూ పెట్టేవారు కాదు. ఉద్యోగం వదిలేసి ఎండలో ఇంటికి నడిచి వెళ్ళిపోయేవారు. ఆయన గర్వానికి ఆయనే ఖరీదు చెల్లించారు. నా గర్వాన్ని నేను దారిన పోయేవాళ్ళ మీద పెట్టాను.

మిగతా బోల్టులు చేత్తోనే తిరిగాయి. క్లాంపుల మీద బరువు లేదని తేలాక, వంగినదాన్ని ఫిట్టరు నా పక్కన పడుకుని రంపంతో కోశాడు. క్లాంపులు ఊడివచ్చినప్పుడు ఏ చప్పుడూ లేదు. ఏదో అవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. పగుళ్ళ కొలత రాసుకుని బయటికి పాకాను.

మధ్యాహ్నం దాకా అందరం పియర్ కింద ఉన్నాం. ఎండ వచ్చింది, నడినెత్తికి ఎక్కింది, దిగింది. ఒక్క దెబ్బ కూడా వినపడలేదు. ముసలామె కొంగు సర్దుకుని నా దగ్గరకొచ్చింది.

“ఎల్లిపోనాడేటి బాబూ?”

“వెళ్ళిపోయాడు.”

“పాపం,” అంది పియర్ వైపు చూస్తూ. “ఎక్కడికెల్తాడో.”

పాత రిజిస్టర్ తెప్పించి, ఆ పేజీలో నా సంతకం కింద, ఇది చూడకుండా పెట్టినది అని రాసి, ఆ రోజు చూసింది రాసి, మళ్ళీ సంతకం పెట్టాను. లారీ వెనక్కి తిప్పుతున్నారు. మొదటి పియర్ దగ్గరకి పోనివ్వమన్నాను. మేస్త్రీకి అర్థం కాలేదు.

“అయ్యన్నీ నాను సూసినాను గదా బాబూ. నన్ను నమ్మరా?”

“నిన్ను నమ్ముతాను. కింద ఉన్న సంతకం నాది.”

అతను కర్ర పట్టుకుని లేచాడు.

రెండు రోజులు పట్టింది. నేను లోపల, అతను బయట. ప్రతిసారీ కింద నుంచి, “సూసినారా బాబూ?” అని అడిగేవాడు. చీకట్లోంచి, “చూశాను, నాలుగూ లేవు,” అనేవాణ్ణి. అతను రాయి మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. పదమూడు పియర్లలో అతను చెప్పిన మాట ఒక్కటి కూడా తప్పు కాలేదు.

చివరిది అయ్యేసరికి నా చొక్కా మోచేతుల దగ్గర చిరిగిపోయింది. పియర్ కింద ఇసుకలో కూర్చున్నాం. అతను సంచీలోంచి స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. ఇంట్లో చేసి పంపారన్నాడు. మూత తీస్తే పాకుండలు. ఎందుకు పంపారో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. ఒకటి తీసుకుని తింటూ, వెనక్కి జరిగి పియర్‌కి వీపు ఆనించాను.

పైన లారీ వెళ్ళినప్పుడల్లా ఆ అదురు స్తంభంలోంచి దిగి, నా వెన్నులోకి వచ్చి, మెత్తగా ఆరిపోతోంది. రెండు లారీల మధ్య నిశ్శబ్దంలో తినడం ఆపాను. మేస్త్రీ కూడా ఆపాడు. ఏ చప్పుడూ లేదు. అయినా ఇద్దరం ఇంకాసేపు విన్నాం.